రిజిస్ట్రీలో లేని నా మొదటి పెళ్ళి గురించి

వీసా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: భార్య వీసా నిరాకరణను పునఃపరిశీలించుట గురించి.

నరీన్ పట్టణంలో కుట్టుపని చేసుకొని జీవించు అక్‌మారల్ అను నేను విన్నవించుకొనునది:

1. తమ దేశంలో ఎనిమిదేళ్లుగా లారీ నడుపుచున్న తొలోన్‌ను రెండేళ్ల క్రితం రిజిస్ట్రీ ఆఫీసులో వివాహమాడితిని. ఆయన వద్దకు వచ్చుటకు పెట్టుకొన్న నా దరఖాస్తును "మొదటి వివాహం రద్దయినట్లు ఆధారం లేదు" అని తిరస్కరించినారు.

2. ఆ మొదటి వివాహం నా పదిహేడో ఏట, మా ఇంట్లో, ముల్లా చేత జరిగినది. ఆ వయసుకు రిజిస్ట్రీలో రాయరు. రెండేళ్లకు ఆ భర్త ఎర్మెక్ నోటిమాటగా విడాకులు చెప్పి వెళ్లిపోయినాడు. విన్న ముల్లా ఇప్పుడు లేడు.

3. విడాకుల పత్రం కొరకు రిజిస్ట్రీకి వెళ్లగా గుమాస్తా, "పెళ్ళే రాయలేదు, విడాకులెక్కణ్ణుంచి తెచ్చివ్వనమ్మా?" అని, వివాహం నమోదు కాలేదని రాసి ఇచ్చినది. అది చూసి తమ ఉద్యోగి, "కాలేదని ఇందులో ఉంది. అయిందని మీరెందుకు రాశారు?" అన్నారు.

"అయింది కాబట్టి" అన్నాను.

ఆయన అదీ రాసుకొన్నారు.

4. తమ గేటు ఎదుట దరఖాస్తులు టైపు చేసే అమ్మాయి నన్ను కోప్పడినది. "అసలా సంగతి ఎందుకెత్తావక్కా? పెళ్ళి కాలేదని ఒక్క ముక్క రాస్తే పోయేది."

"పదకొండేళ్ల కూతురుందే. దాన్నెవరి బిడ్డని రాయను?"

5. కావున ఎర్మెక్‌ను వెతుక్కుంటూ రెండు కనుమలు దాటి వెళ్లితిని. గుర్రాలకు నాడాలు కొట్టుకొంటున్నాడు. అతని భార్య టీ పోసి లోపలికి వెళ్లిపోయినది. నేను కాగితం ముందు పెట్టాను.

"ఏమని రాయమంటావు? మనకి పెళ్ళే కాలేదనా?"

"వద్దు. జరిగింది జరిగినట్టు రాయి."

చాలాసేపు కలం పట్టుకొని కూర్చున్నాడు. అంతసేపు అతను నా ఎదుట కూర్చోవడం కాపురమున్న రోజుల్లో కూడా లేదు. చివరికి, "ఆమె నా భార్యగా ఉండేది. నేనే విడాకులు చెప్పి వదిలేశాను. ఆమె తప్పు లేదు" అని రాసి, ఊరి పెద్దలిద్దరి చేత సంతకం చేయించినాడు. ఇస్తూ, "ఈ మాట అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు. ఆ కాగితం జత చేయడమైనది.

ఇంటర్వ్యూకు మూడుసార్లు, బస్సులో ఏడేసి గంటలు వచ్చితిని. ప్రతిసారీ కొత్తవారికి మొదటినుంచి చెప్పితిని. ఇక చెప్పే ఓపిక లేక రాసితిని. దయతో చదివి, నేను ఒకరికే భార్యనని నమ్మి వీసా ఇప్పించ ప్రార్థన. ఇంతే నా మనవి, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అక్‌మారల్

తాజాకలం: ఇది కవరులో పెట్టబోతుండగా తొలోన్ ఫోన్ చేశాడు. "ఉద్యోగం వదిలేశా. శుక్రవారానికి వచ్చేస్తున్నా, ఏడవకు" అన్నాడు. నేనేడవలేదు, ఆయనే ఏడుస్తున్నాడు. ఎనిమిదేళ్ల బతుకును ఆయన రెండు సంచుల్లో సర్దుకుంటున్నాడు. ఇక తమరు తీరిగ్గా పరిశీలించండి.