పది సర్వర్ల అబద్ధం

మేరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన అమలాపురం కాలేజీ ల్యాబులో నువ్వు పాఠం చెప్పిన పాత సర్వర్ వేసవిలో కాలిపోయింది. సిలబస్ మాత్రం మారలేదు. అందుకని నువ్వు దాచిన బ్యాకప్ నుంచి ఆ పాత సిస్టంనే కొత్త కంప్యూటర్‌లో ఒక విండోలో నడిచేలా ఎక్కించాను. పిల్లలు ఎంత చెడగొట్టినా మళ్ళీ మొదటికి తెచ్చుకోవచ్చు.

నిన్న కాలేజీ తనిఖీకి ఒకాయన వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు అలాంటి విండోలు పది తెరిపించి, "పది సర్వర్లున్నాయండీ మనకి" అన్నారు.

"ఇవి సర్వర్లు కావండీ. ఉన్నది ఒక్క కంప్యూటరేనండి. పిల్లలు నేర్చుకుంటారని నేనే పెట్టేను" అన్నాను.

తనిఖీ ఆయన కొబ్బరిబొండం తాగుతూ, "ఆయ్, పది కనపడతన్నాయి కదండీ" అని పది అనే రాసుకున్నాడు. పిల్లలందరూ చూస్తూనే ఉన్నారు. ఆ గదిలో నిలబడ్డందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

ఆయన జీపు కదలగానే తొమ్మిది విండోలు తీసేశాను. ప్రిన్సిపాల్ గారు అరుస్తూనే ఉన్నారు. నేను మిగిలిన ఒక్కదాని ముందు పిల్లల్ని కూర్చోబెట్టాను.

"లాగిన్ ఏం కొట్టాలండీ?" అని అడిగారు.

నీ పేరు చెప్పాను. నువ్వు దాచిన బ్యాకప్ నుంచే ఎక్కించాను కదా, ఆ సిస్టం నిన్నింకా లోపలికి రానిస్తోంది.

నీ
సరళ