బిడ్డ బదులు ఉపవాసం

వరికుంటపాడు,
ఆగస్టు 1996.

మిలిటరీలో ఉన్న నా బంగారు జోయలుకు మీ అమ్మ శీనమ్మ దీవించి రాసే సంగతులు. ప్రభువు కృప వల్ల ఇక్కడ నేను, కోడలు రూబీ, నీ కూతురు సుధారాణి అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ వేళకు తిని ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తున్నాను.

ముందు శుభవార్త విను. గెలిచాం నాయనా! బిడ్డ బుగ్గ వాపు తగ్గిపోయింది. పుచ్చిన పళ్ళన్నీ ఆత్మకూరులో తీయించేశాం. అన్నం చూస్తేనే ఏడ్చే పిల్ల నిన్న నా చేతిలో మొక్కజొన్న కంకి లాక్కొని పరిగెత్తింది. దాని వెనక ఉరకలేక నేనే కూలబడ్డాను.

మత్తు ఎవరిస్తారు, పళ్ళ డాక్టరేనా అని పోయిన ఉత్తరంలో అడిగావు. కాదు. దానికని నెల్లూరు నుంచి వేరే డాక్టరమ్మ వచ్చింది. బిడ్డ వేలికి క్లిప్పు పెట్టి, గుండె కొట్టుకునేది మిషన్లో వింటూ ఉందట. పక్కనే ఆక్సిజన్ సిలిండరు. పని అయ్యేదాకా ఆమె బిడ్డ ముఖం మీద నుంచి చూపు తిప్పలేదని నర్సు చెప్పింది. నువ్వు దిగులు పడొద్దు.

మొదటిసారి ఆసుపత్రి నుంచి ఎందుకు తిప్పి పంపారని కూడా అడిగావు. రూబీ నీకు రాయలేదు, నేనే రాయొద్దన్నాను. నా నోటితో నేనే చెప్పాలి కదా.

బిడ్డను ఖాళీ కడుపుతో తీసుకురమ్మన్నారు. నాకు తెలిసిన ఖాళీ కడుపు ఉపవాస ప్రార్థనే. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నీ కోసం నేను ఉపవాసం ఉండలేదా? ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. ఆత్మకూరు బస్టాండులో రూబీ మందుల షాపుకు పోయినప్పుడు, "నీ ఉపవాసం నేనుంటాలే, నువ్వు తినమ్మా" అని పాలలో బన్ను నానబెట్టి బిడ్డకు పెట్టాను. నేను మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "పాపకేమన్నా పెట్టినారా?"

"లేదు మేడం, ఏమీ పెట్టలా," అంది రూబీ.

"మంచిది. కడుపులో ఏమున్నా మత్తులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాది. ప్రాణం మీదికొస్తాది."

అట్లా చెప్పి బిడ్డను లోపలికి తీసుకుపోయింది. బెంచీల నిండా జనం. సంఘంలో అందరి ముందూ గొంతెత్తి ప్రార్థన చేసేదాన్ని, అక్కడ సిగ్గుతో నోరు పెగల్లేదు. చివరికి, సిగ్గు పోతే పోయింది, బిడ్డ దక్కాలి అనుకొని తలుపు తోసుకొని పోయాను.

"ఆపమ్మా! సూది వెయ్యొద్దు! బిడ్డ తినుండాది. నేనే పెట్టినాను!"

సూది అప్పటికే డాక్టరమ్మ చేతిలో ఉంది. పక్కన పెట్టేసింది. "ఏందత్తా, ఎంత పని చేసినావు!" అని రూబీ గోడకు చేరబడి ఏడ్చింది. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకొని, "తప్పు చేసినావవ్వా. కానీ చెప్పినావు. చానామంది భయపడి చెప్పరు," అంది. ఆ మాటకు నాకూ ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి రూబీ నాతో ముక్తసరిగానే మాట్లాడేది.

రెండోసారి పోయినప్పుడు చూడాల్సింది నా కాపలా! బస్సులో ఎవరో పాపకు బిస్కెట్టు ఇవ్వబోతే కయ్యిమని లేచాను. ఈసారి బిడ్డతో పాటు నేనూ ఉపవాసమున్నాను. డాక్టరమ్మ రూబీని వదిలి నన్నే అడిగింది. "మంచినీళ్ళు కూడా పెట్టలేదమ్మా!" అని బెంచీల మీద అందరికీ వినపడేటట్టు చెప్పాను.

పని అయినాక ఇద్దరం మంచం పక్కన కూర్చున్నాం. బిడ్డ కళ్ళు తెరిచింది. మొద్దుబారిన పెదాలతో, నా వైపే చూసి, "అవ్వా, ఇంక నువ్వు తిను," అంది.

రూబీ లేచి బయటికి పోయి, నాకు పాలూ బన్నూ తెచ్చింది.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి
శీనమ్మ