నేను తెలుగులో చెప్పని మాటలు

జురాంగ్ వెస్ట్, సింగపూర్
12 నవంబరు 2000, ఆదివారం
పొద్దున్నించి వాన. యూనిఫాం ఉతికి మంచం కమ్మీ మీద ఆరేశాను.

తమ్ముడు ఏడుకొండలుకి,

సాంబశివరావు దీవెనలు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ మన గదిలో పదకొండుమందిమి బాగానే ఉన్నాం. జూన్‌లో వర్క్ పర్మిట్ మెడికల్ పరీక్ష అయ్యాక నిన్ను ఇంటికి పంపేశారు కదా, నీ మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. సింహాచలం దానిమీద బియ్యం బస్తా పెట్టాడు.

నీ ఉత్తరం బుధవారం అందింది. కమలకి మూడో నెల అని చదవగానే గదంతా ఒకటే గోల. సింహాచలం లడ్డూలు తెచ్చి నా నోట్లో కూడా ఒకటి కుక్కాడు. నాకు మింగుడుపడలేదు. అప్పట్నించి నీకు రాయడం, చింపెయ్యడం. ఇది నాలుగోది.

ఇక్కడ ఎక్కడ చూసినా కంప్యూటర్ల కబుర్లే. మన కుర్రాళ్లు విమానాల నిండా దిగుతున్నారు. మొన్న బస్సులో కౌశిక్ అనే అబ్బాయి పక్కన కూర్చుని, అంకుల్, మీది ఏ కంపెనీ అన్నాడు. యార్డు స్టోర్లో నట్లూ బోల్టులూ లెక్కపెట్టే కంపెనీ అన్నాను. నవ్వాడు. మాటల్లో తెలిసింది, డెనీస్ గారు వాళ్ల ఆఫీసులో కూడా మాట్లాడిందట. వాళ్లు అర్థం కానివి అడిగి మరీ చెప్పించుకున్నారట. మనవాళ్లు అడగాలన్నా, మధ్యలో తెలుగులో చెప్పేవాణ్ణి నేనున్నాను.

డెనీస్ గారు గుర్తుందా? ఫిబ్రవరిలో మన యార్డు క్యాంటీన్ షెడ్డుకి హెచ్.ఐ.వి. గురించి చెప్పడానికి వచ్చిన నర్సమ్మ. అమెరికాలో నల్లవాళ్ల పేట ఆవిడది. చచ్చిపోయిన తమ్ముడి ఫోటో చూపించింది. అది ఇంకెవరి జబ్బో అనుకున్నారట వాళ్ల పేటలో అందరూ. తెల్లవాళ్ల పేటలకి కబురూ ముందే, మందూ ముందే. వీళ్ల పేటకి రెండూ ఆలస్యంగానే వచ్చాయట. ఇంట్లోనూ చర్చిలోనూ ఎవరూ దాని పేరెత్తలేదట. ఆ మౌనం తన తమ్ముణ్ణి సగం చంపిందని అంది.

ఇదంతా నీకు కొత్తగా ఉంది కదూ? ఆవేళ నేను మీతో చెప్పింది, ఒళ్లు జాగ్రత్తగా చూసుకోండి, చెడు తిరుగుళ్లు వద్దు, అంతే. రావుగారూ, ఆవిడ పది నిమిషాలు మాట్లాడితే మీరు రెండు ముక్కల్లో తేల్చేశారు, మిగతాది స్టోర్లో దాచుకున్నారా అని సింహాచలం అంటే అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు.

పేపరు చదివి నేర్చుకున్న ఇంగ్లీషే అయినా, ఆవిడ మాటలు నాకు అర్థమయ్యాయి. కానీ నన్ను అన్నయ్యా అని పిలిచే పాతికమంది ముందు, టీ పోస్తున్న సూర్యకుమారి ఆంటీ వింటూండగా, నిరోధ్ అనే మాట నా నోట రాలేదు. పేరు చెప్పకుండా రక్తపరీక్ష చేయించుకునే చోటు అడ్రసు కాగితం డెనీస్ గారు నాకిచ్చి, మీకు చదివి వినిపించమంది. జేబులో పెట్టుకున్నాను. అంతా చెప్పారా అని అడిగింది. యెస్ మేడం అన్నాను.

నా డైరీలో ఆరోజు కింద 'ఎండ. నర్సమ్మ మాటలు తెలుగులో చెప్పాను' అని ఉంది. ఆ కాగితం ఇప్పటికీ ఆ పేజీలోనే ఉంది.

ఇట్లు,
నీ మేలు కోరే అన్నయ్య,
సాంబశివరావు

తా.క. ఈ ఉత్తరం నువ్వే చదువుకో, ఎవరి చేతా చదివించకు. ఫోను చేద్దామంటే మీ ఊరి ఎస్టీడీ బూత్‌లో నలుగురూ వింటారు.

జూన్‌లో డాక్టరు మాటలు నీకు తెలుగులో చెప్పిందీ నేనే. రక్తం పలచబడింది, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమన్నారని చెప్పాను. ఆయన అన్నది అది కాదు. నీ రక్తంలో హెచ్.ఐ.వి. ఉందన్నాడు. భార్యకి తప్పకుండా చెప్పమని రెండుసార్లు అన్నాడు. నువ్వు నా మొహంలోకే చూస్తున్నావు. నా వల్ల కాలేదు.

కమలకి చెప్పు. ఇద్దరూ వెంటనే విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లండి. తనకి ఉన్నా బిడ్డకి సోకకుండా కాపాడే మందుందట, కానీ కాన్పుకి ముందే తెలియాలి. శుక్రవారం డెనీస్ గారి దగ్గరికి వెళ్లి అన్నీ అడిగాను. ఆవిడ చెప్పినవన్నీ వెనకవైపు రాశాను, ఒక్కటీ వదల్లేదు. నిరోధ్ మాట కూడా ఉంది. నన్ను తరవాత తిట్టుకో.

డైరీలో ఇవాళ్టి పేజీ 'వాన. యూనిఫాం ఉతికాను' దగ్గర ఆగింది. ఉత్తరం పోస్టు చేశానని ఇంకా రాయలేదు. చెయ్యని పని చేసినట్టు మళ్లీ రాయను.