చేపలకు టైంటేబుల్

జనవరి 1, సోమవారం. మధ్యాహ్నం 1:20

తల పగిలిపోతోంది. అయినా సరే, కొత్త సంవత్సరం, కొత్త నేను, కొత్త ఫ్లెమింగ్!

నిన్నటి విందులో గ్లాసు పట్టుకుని లేచి అందరి ముందూ ప్రకటించేశాను. మే 12న మా అమ్మాయి ఆల్బెర్తెకు చర్చిలో కన్ఫర్మేషన్, అంటే బాప్తిస్మం నాటి విశ్వాసాన్ని తన నోటితో తాను చెప్పుకునే వేడుక. ఆ తర్వాత విందు. ఇరవై ఆరు మంది అతిథులు. మొదటి వడ్డన నేను నా చేత్తో పట్టిన చేప! ఆల్బెర్తె లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మా ఆవిడ బెంటె మాత్రం పొద్దున్నే అడిగింది. "మరి వంటవాళ్లకి చేప వద్దని చెప్పెయ్యనా? మళ్ళీ మాట మార్చవు కదా?"

"చెప్పెయ్!"

ఇన్నాళ్లూ బుద్ధి పుట్టినప్పుడు పోయి ఖాళీ సంచితో వచ్చాను. ఇక మీదట రుతువును బట్టి వేట. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా: సముద్రపు ట్రౌట్. మే: సూదిమూతి చేప. జూలై: కానాగంతలు. అక్టోబరు: మళ్ళీ ట్రౌట్. నాలుగు రంగుల పెన్నులతో పట్టిక గీసి ఫ్రిజ్ మీద అంటించాను. పట్టికలో లేని రోజున గాలం ముట్టను. ఒట్టు.

ఇరవై రెండేళ్లుగా బస్సులకు టైంటేబుళ్లు వేస్తున్నవాణ్ణి. చేపలొక లెక్కా?

జనవరి 14, ఆదివారం

ఆల్బెర్తె విందు వంటకాల కార్డులు అచ్చు వేయించింది. మొదటి వరుసలోనే పెద్ద అక్షరాలు: "నాన్న పట్టిన చేప." ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మా అత్తగారు రీమోర్ ఫోన్ చేశారు. "అల్లుడూ, విందు పాట మొదలెట్టాను. నీ చేప మీద ఒక చరణం ఖాళీగా వదిలాను. చేపని కళ్ళతో చూశాక రాస్తా."

విందుకు పాట కట్టి అందరిచేతా పాడించడం మా వాళ్ళ ఆచారం. అందులో అల్లుణ్ణి ఉతికి ఆరేయడం మా అత్తగారి ఆచారం.

ఫిబ్రవరి 10, శనివారం

6:30. రేవు. నీళ్లు రెండు డిగ్రీలు. నడుం దాకా రబ్బరు దుస్తులు, లోపల మూడు స్వెట్టర్లు.

6:45. గాలం కర్ర రింగుల్లో మంచు గడ్డకట్టింది. దారం కదలదు. నేనూ కదలను.

6:50. కారు. హీటరు. కాఫీ.

8:10. ఎదురుగా సముద్రంలోంచి మా అత్తగారు లేచి వచ్చారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఒంటి మీద నూలుపోగు లేదు. చలికాలం స్నానాల సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. నేను తింటున్న రొట్టెలో తల దూర్చాను. తువ్వాలు చుట్టుకుని వచ్చి కారు అద్దం కొట్టారు.

"అల్లుడూ, చేపలు నీళ్లలో ఉంటాయి. కార్లో ఉండవు."

పట్టికలో ఆకుపచ్చ పెన్నుతో రాశాను: పరిశీలన యాత్ర, విజయవంతం.

మార్చి 16, శనివారం

ట్రౌట్‌ని మా దగ్గర వెయ్యి విసుర్ల చేప అంటారు, వెయ్యిసార్లు గాలం విసిరితే ఒకటి పడుతుందని. ఇవాళ ముప్పై ఏడు విసిరాను. అంటే ఇంక తొమ్మిది వందల అరవై మూడే! పని మొదలైనట్టే లెక్క.

భుజం నొప్పి. బెంటె మందు రాసి, ఆ సీసాని నా గాలం సంచిలోనే పెట్టేసింది. 

ఏప్రిల్ 6, శనివారం

వెళ్లలేదు. కారణాలు: (1) నీళ్లు మరీ తేటగా ఉన్నాయి, చేప మనల్ని చూసేస్తుంది. (2) పోయిన వారం మరీ బురదగా ఉన్నాయి, చేపకి ఎర కనబడదు. (3) టీవీలో హ్యాండ్‌బాల్.

అసలు ట్రౌట్‌ని నమ్ముకోవడమే తప్పు. ఇరవై ఆరు మందికి ఒక్క చేప ఏం సరిపోతుంది? నా ఆశంతా సూదిమూతి చేపల మీదే. గుంపులుగా వస్తాయి. చిన్నపిల్లాడైనా పట్టగలడు. పదేళ్ల లెక్కలు తీసి సగటు కట్టాను. రాక: మే 4. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

ఏప్రిల్ 23, మంగళవారం. సాయంత్రం 5:15

ఆల్బెర్తె సైకిల్ మీద రొప్పుతూ వచ్చింది. "నాన్నా! సూదిమూతులు వచ్చేశాయి! జెట్టీ మీద నిలబడ్డానికి చోటు లేదు. ఇటు విసురుతుంటే అటు పడుతున్నాయి. పద పద!"

ఈసారి వసంతం తొందరపడింది. ఆవచేలు కూడా అప్పుడే పసుపెక్కాయి. కానీ పట్టికలో ఏముంది? మే 4.

"టైముకంటే ముందొచ్చిన బస్సుని నమ్మకూడదమ్మా. అది డ్రైవరు తప్పు."

"చేపలకి డ్రైవరు ఉండడు నాన్నా!"

"ఇది ముందస్తు గుంపు. అసలు గుంపు వెనకాల ఉంది."

మళ్ళీ సైకిలెక్కి జెట్టీ వైపు వెళ్లిపోయింది. నేను నీటి వేడి పట్టిక పూర్తి చేశాను. చాలా అందంగా వచ్చింది.

ఏప్రిల్ 25, గురువారం

నిన్నా పిలిచింది, ఇవాళా పిలిచింది. వెళ్లలేదు. పట్టుదలంటే ఇదీ!

మే 4, శనివారం

5:00. జెట్టీ. ఎర్ర సున్నా రోజు!

5:05. నేను తప్ప ఎవరూ లేరు. ఈశాన్యం గాలి. టోపీ సముద్రంలోకి పోయింది.

9:30. పట్టినవి: నాచు, నాచు, ఎవరిదో చేతి తొడుగు, నాచు.

అసలు గుంపు ఆలస్యంగా నడుస్తున్నట్టుంది.

మే 8, బుధవారం

గాలి ఆగలేదు. అయినా ఒకటి పడింది! వెండి కత్తిలా ఎగిరింది. "పట్టాను!" అని అరిచాను. దాని మూతి ఉత్త ఎముక, కొక్కెం దిగదు. నా కాళ్ల దగ్గరే విదిలించుకుని పోయింది. ఈ మూతి సంగతి పట్టికలో రాయడం మర్చిపోయాను.

ఇంటికొచ్చేసరికి ఆల్బెర్తె కార్డుల మీద అతిథుల పేర్లు రాస్తోంది. "పడ్డాయా?" అని అడగలేదు. "కాఫీ పెట్టనా నాన్నా?" అంది. 

మే 11, శనివారం. ఉదయం 10:00

రేపే విందు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ డైరీలో కూడా అబద్ధమెందుకు. పక్క ఊరి రేవుకు వెళ్లి ఒక పడవవాడి దగ్గర సూదిమూతులు కొన్నాను. పక్క ఊరు ఎందుకంటే మా రేవులో అందరికీ నేను తెలుసు. సూదిమూతులేనని అందరికీ చెప్పుకున్నాను, వేరే చేప కొని బుకాయించడానికీ లేదు. దీని ఎముకలు ఆకుపచ్చగా ఉంటాయి, పసిపిల్లలు కూడా గుర్తుపడతారు.

10:40. గరాజ్‌లో పెద్ద ఫ్రీజర్ తెరిచాను, సంచి దాచడానికి. చోటు లేదు. నిండా పొట్లాలు. విప్పి చూస్తే సూదిమూతులు. శుభ్రంగా తోమి, ముక్కలు కోసి, వరసగా పేర్చి ఉన్నాయి. పైన కాగితం, ఆల్బెర్తె చేతిరాత: "నాన్న పట్టినవి. ముట్టుకోవద్దు."

 చేతివేళ్లు మొద్దుబారేదాకా పొట్లాలు లెక్కపెట్టాను.

వెనక నుంచి అత్తగారి గొంతు. "ఏం అల్లుడూ, నువ్వు కూడా పట్టావా? ఏ కొట్లో?"

మే 12, ఆదివారం

ఇరవై ఆరు మంది. తెల్లటి బల్లలు, తెల్ల గౌనులో ఆల్బెర్తె. ఆల్బెర్తె పొట్లాల్లోని చేప వచ్చింది. లొట్టలేసుకుంటూ తిన్నారు. తర్వాత అత్తగారి పాట. ఖాళీ చరణం నిండింది: తండ్రి గాలివానలో నిలిచాడు, సముద్రాన్ని జయించాడు, ఇంకా ఏవేవో. అందరూ నా వైపు తిరిగి పాడారు. బల్ల చివర నుంచి ఆల్బెర్తె నాకు కన్నుకొట్టింది.

చెంచాతో గ్లాసు మీద కొట్టి లేచాను. కృతజ్ఞతలు చెప్పి కూర్చుందామనే అనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ఈ చేపలు నేను పట్టలేదు. ఆల్బెర్తె పట్టింది."

 హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వు. ఏప్రిల్‌లో మూడు రోజులు అమ్మమ్మా మనవరాలూ జెట్టీ మీద చేపలు పడుతుంటే ఊరంతా చూసిందట! నిన్నటిదాకా తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

నవ్వనిది ఆల్బెర్తె ఒక్కతే.

మే 13, సోమవారం

కన్ఫర్మేషన్ మర్నాడు పిల్లలు బడి ఎగ్గొట్టి స్నేహితులతో షికారు తిరగడం మా దగ్గర ఆచారం. ఆల్బెర్తె సాయంత్రం వచ్చింది. రాగానే అడిగింది.

"ఎందుకు చెప్పేశావ్?"

"అబద్ధం కదమ్మా."

"అబద్ధం అవ్వకూడదనే కదా మూడు రోజులు వరసగా పిలిచాను! నువ్వొచ్చి పక్కన నిలబడి ఒక్కటి పట్టుంటే చాలు, మిగతావి నేను పట్టేదాన్ని. నువ్వు కనీసం తలెత్తలేదు నాన్నా."

 క్షమించమన్నాను. "చూద్దాం" అని గదిలోకి వెళ్లిపోయింది. ఇరవై ఆరు మంది నవ్వినా ఇంత సిగ్గు వేయలేదు.

మే 14, మంగళవారం. ఉదయం 5:40

కొత్త తీర్మానం! ఫ్రిజ్ మీది పట్టిక చించేశాను. ఈసారి నియమం ఒక్కటే: ఆల్బెర్తె పిలిస్తే వెళ్లాలి.

ఇప్పుడే పిలిచింది. మెట్ల కింద నుంచి, "వస్తావా, రావా?" అని. అంతే.

ఈశాన్యం గాలి. నీళ్లు బురద. బడికి ముందు గంటన్నరే టైము. చేప పడే అవకాశం నా అంచనాలో సున్నా. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను.

ఈ తీర్మానం ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు తెలియదు. ఇవాళ్టికి బూట్లు వేసుకుంటున్నాను.