నిఖత్ మాటల యాప్‌ను తిరిగి వేయించుట గురించి

నరసరావుపేటలో ప్రత్యేక అవసరాల పిల్లల ట్యాబులు చూసే జిల్లా అధికారి గారి సముఖమునకు,

దాచేపల్లి వాస్తవ్యుడు, లారీ మెకానిక్ మీరా సాహెబ్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మాట రాని పిల్లకు బడి ద్వారా ఇచ్చిన ట్యాబు నుండి తొలగిన యాప్‌ను తిరిగి వేయించమని ప్రార్థన.

1. నా కుమార్తె నిఖత్, వయసు తొమ్మిది, పుట్టుకతో మాట రానిది. చెవులు బాగా వినిపిస్తాయి. వేళ్ళు వణకడం వలన సైగలు కుదరవు. బడి నుండి ట్యాబు మంజూరు కాగా షెర్లీ టీచరు గారు అందులో బొమ్మల యాప్ వేసినారు. బొమ్మ నొక్కితే ట్యాబు ఆ మాట పైకి పలుకుతుంది. ఆ మాటలన్నీ నా భార్య హలీమా గొంతుతో రికార్డు చేసినారు.

2. సదరు యాప్ రాకమునుపు నిఖత్ అన్నం తోసేస్తే మొండితనమనుకున్నాము. వచ్చిన కొద్దిరోజులకు కంచం ముందు కూర్చుని బొమ్మలు నొక్కినది. "అమ్మా, కడుపు నొప్పి" అని వాళ్ళమ్మ గొంతుతోనే వాళ్ళమ్మకు చెప్పినది. హలీమా గరిటె వదిలేసి ఏడ్చినది. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని తెలియును. అయినా రాయించుచున్నాను.

3. గత నెల అప్‌డేట్ నిమిత్తం ట్యాబులన్నీ మండల కేంద్రమునకు తెమ్మన్నారు. తిరిగి ఇచ్చేసరికి యాప్ లేదు, మాటలు లేవు. ఆపరేటరు దానయ్య గారిని అడిగితిని.

"లిస్టులో లేని యాప్‌లన్నీ వాటంతటయ్యే పోతయ్యి సాయిబూ. నేను తీసింది కాదు."

"మళ్ళీ ఎయ్యండి సార్."

"లాక్ పడింది. పాస్‌వర్డ్ జిల్లాలో ఉంటది."

4. జిల్లాకు రాగా, ఫిర్యాదు ఆ ట్యాబులోని ఫిర్యాదు యాప్‌లోనే పెట్టవలెనన్నారు. అందులో ఛార్జింగ్, పగిలిన తెర, దొంగతనం మాత్రమే ఉన్నవి. మాట పోయినదనుటకు గడి లేదు. దొంగతనం నొక్కితిని. పోలీసు స్టేషన్ కాగితం జతపరచమన్నది.

5. ఆ బొమ్మల యాప్‌నే నా ఫోనులో వేయించి చూచితిని. తెర చిన్నది. నీళ్ళు అనబోయి నిద్ర నొక్కుతుంది. మేము పడుకోబెడతాము. దాహంతో లేచి కూర్చుంటుంది.

6. కడుపునొప్పి మళ్ళీ వచ్చినది. స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు. సత్తెనపల్లి డాక్టరు గారు, "ఎక్కడ పుడుతోంది, తినకముందా తిన్నాకా, పాపనే చెప్పమనండి" అన్నారు. నిఖత్ ట్యాబు ఒళ్ళో పెట్టుకుని బొమ్మ ఉండవలసిన చోట నొక్కింది. మళ్ళీ నొక్కింది. మా ముఖాలు చూసింది. ఆనాటి నుండి ట్యాబు ముట్టడం లేదు. నొప్పి వస్తే గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఏడవడం కూడా మానేసింది. మాకు అదే భయముగా ఉన్నది.

తాళం తీస్తే బొమ్మలన్నీ మళ్ళీ పెట్టుటకు షెర్లీ టీచరు గారు సిద్ధముగా ఉన్నారు. కావున ఈ మొర చిత్తగించి, సదరు యాప్‌ను లిస్టులో చేర్చి, పిల్లకు మాట ఇప్పించవలెను.

తమ విధేయుడు,
మీరా సాహెబ్

తా.క.: సారూ, పైదంతా టైపు షాపోళ్ళు రాసిచ్చారు. ఇది నా చేతిరాత. సోమవారం పిల్లను తీసుకుని మీ ఆఫీసుకొస్తన్నా. నా మాట నమ్మకపోతే మీరే అడగండి, ఏందమ్మా, ఎక్కడ నొప్పి అని. మీకేమైనా చెప్తే నాక్కూడా చెప్పండి.