అయిదో ఏటి వాళ్ళం

బిర్చ్ మిల్స్,
మార్చి నెల

మ్యూరియల్ వదినకి,

ప్రేమతోనే రాస్తున్నాను. కోపంతో కలం నొక్కి రాస్తుంటే అక్షరాలు ఇలా వస్తున్నాయంతే. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఉత్తరమే గతి.

శాసనసభలో నువ్వు పెట్టిన బిల్లు గురించి పేపర్లో చదివాను. మొదటి ఏడాదిలో పిల్లలకి రాష్ట్రమే ఉచితంగా వైద్యం చేయిస్తుంది. మూడో ఏట గర్భిణులకీ, యాభై అయిదు దాటినవాళ్ళకీ. మిగిలినవాళ్ళకి అయిదో ఏట. "మెల్లగా వెళితేనే నెగ్గుతాం, వెర్నా" అంటావు. నాకు యాభై ఒకటి. చదివి పేపరు పొయ్యిలో పడేశాను.

ఎందుకో చెబుతాను విను. క్రిస్మస్ ముందు వాకిట్లో మంచు తోడుతూ పడిపోయాను. గుండెలో కవాటం పాడైందట. ఎండాకాలం దాటేలోగా ఆపరేషన్ చేయించుకోవాలన్నాడు డాక్టరు. కాగితం మిల్లు మూతపడినప్పుడే నీ తమ్ముడు ఆల్టన్‌కి బీమా పోయింది, దాంతో నాదీ పోయింది. నేను ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించి, మందులు మింగించి వస్తాను. ఆ పనికి బీమా ఎవడిస్తాడు?

నీ తమ్ముడికి చెప్పలేదు. చెబితే మర్నాడే కొట్లో గల్లా పక్కన నా ఫోటో అంటించి చందాలకి కాఫీ డబ్బా పెడతాడు. మన మెయిన్ రాష్ట్రంలో పేదవాడికి అదే కదా వైద్యం! ఈ ఊళ్ళో అలాంటి డబ్బాలన్నిటికీ ఫోటోలు అంటించింది నేనే. చిల్లర వేసి ఆ ముఖం వైపు చూడకుండా జనం ఎలా వెళ్ళిపోతారో నాకు తెలుసు. ఆ డబ్బా పక్కన నిలబడి నేను పాలు కొనుక్కోలేను.

నువ్వు అధ్యక్షురాలిగా కూర్చునే కమిటీ ముందుకొచ్చి నీ బిల్లుని అందరి ముందూ కడిగేస్తాను. తయారుగా ఉండు.

నీ మరదలు
వెర్నా


బిర్చ్ మిల్స్,
ఏప్రిల్ నెల

అధ్యక్షురాలు గారికి,

వదినా అని రాయబుద్ధి కావడం లేదు. అయినా వదినవే, ఏం చేస్తాం.

బురద రోడ్లో మూడు గంటలు బండి తోలుకుని నీ కమిటీ ముందుకి వచ్చాను. నా పేరు పిలిచావు, ముక్కూ ముఖం తెలియని మనిషిని పిలిచినట్టు. కవాటం సంగతి సభలో చెప్పాలనుకోలేదు. నోరు తెరిచేసరికి అదే వచ్చేసింది. "అయిదో ఏటిదాకా ఈ గుండెని ఎక్కడ దాచమంటారు?" అన్నాను. నువ్వేమన్నావు? "మీ సమయం అయిపోయిందండీ" అన్నావు. అండీ! నా పెళ్ళిలో నా గౌను అంచు కుట్టినదానివి!

ఆ కోపంలో ఉండగానే వెనక వరసలోంచి బీమా కంపెనీల తరఫు మనిషి లేచి నాకు తన కుర్చీ ఇచ్చాడు. "భలే చెప్పారమ్మా" అని కాఫీ కూడా తెచ్చాడు. సిగ్గు లేకుండా తాగాను. తరవాత అతని వంతు వచ్చింది. "ఆ తల్లి మాటలు విన్నారుగా. ఈ బిల్లు వల్ల ఆమెకే మేలు లేదు. కాబట్టి తీసిపారేయండి" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. నా గుండెతో వాడు బేరం ఆడుతున్నాడు! లేచి అరిచాను. "చాలదన్నానయ్యా, వద్దన్లేదు! నా పేరు చెప్పి నువ్వు మాట్లాడకు!"

నువ్వు సుత్తితో బల్ల బాదావు. బంట్రోతు నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళాడు. పాపం మంచివాడే, గుమ్మం దగ్గర "మెల్లగా అమ్మా, మెట్లున్నాయి" అన్నాడు. ఆ రోజు నాతో మనిషిలా మాట్లాడింది అతనొక్కడే.

మర్నాడు ఊరి పేపర్లో నా ఫోటో. ఆల్టన్ చదివి వంటింట్లో కూలబడ్డాడు. "నాకు చెప్పకుండా ఊరంతటికీ చెప్పావా?" అన్నాడు. 

వెర్నా


బిర్చ్ మిల్స్,
మే నెల

వదినా,

శనివారం నా వైద్యానికి చందాలు పోగెయ్యడానికి ఊరి హాల్లో పెట్టిన బీన్స్ విందుకి వచ్చావు. నేరుగా వెనక గదిలోకి వెళ్ళి గిన్నెలు కడిగావు. పక్కింటి ఒపల్ నా పళ్ళెం నింపి "తినవే, విందు నీది, ముఖం మాత్రం శత్రువుదిలా పెట్టావు" అంది. తిన్నాను. కోపంతో కళ్ళ నీళ్ళు కారుతుంటే మిరియాల మీదికి నెట్టాను. విందు డబ్బు కొంత, ఆసుపత్రి ఫీజులో వదులుకున్నది కొంత కలిసి గండం గట్టెక్కేలా ఉంది. నాకు గట్టెక్కింది. వంట చెయ్యడానికి ఇంతమంది లేనివాళ్ళ మాటేమిటి?

వెళుతూ కారు దగ్గర అడిగావు. "పిల్లల వైద్యమనే మొదటి మెట్టొక్కటైనా దక్కాలంటే మిగతావి బిల్లులోంచి కొట్టెయ్యమన్నారు సభలో, కొట్టేశాను. నువ్వయితే ఏం చేసేదానివే?"

రెండు రోజులు ఇల్లు తుడుస్తూ, కసురుకుంటూ ఆలోచించాను. పిల్లల మెట్టు నేనూ పుచ్చుకునేదాన్ని. ఒపల్ మనవడికి ఉబ్బసం. బిల్లు నెగ్గింది కాబట్టి పైనెల నుంచి వాడికి మందులొస్తాయి, అది నీ చలవే. మెల్లగా వెళ్ళడం తప్పనడం లేదు. కానీ నువ్వు ఆ మెట్టు మీద కూర్చుండిపోయావు. మొన్న రేడియోలో "పని పూర్తయింది" అన్నావు చూడు, అది నేను క్షమించను.

అందుకే వచ్చే ఎన్నికల్లో నీ స్థానానికి నీ మీద పోటీ చేస్తున్నాను, ఏ పార్టీ లేకుండా. నామినేషన్‌కి కావలసిన సంతకాలు సరిపడా వచ్చాయి. మొదటిది నీ తమ్ముడిదే. "మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా తిట్లు తినేది నేనేగా" అంటూ పెట్టాడు.

ఒక్క చిక్కొచ్చింది. ఆపరేషన్ సోమవారం. నామినేషన్ కాగితాలు దాఖలు చెయ్యాల్సిన ఆఖరి రోజూ సోమవారమే. ఆల్టన్ నా మంచం వదిలి కదలనంటున్నాడు. ఆ ఎన్నికల ఆఫీసు నీ సభకి వెళ్ళే దారిలోనే ఉంది. ఈ కవరులో అన్నీ పెట్టాను. తలుపులు మూసేలోగా నువ్వే ఇచ్చెయ్యి.

నీ మరదలు
వెర్నా