ల్యాబులో పెట్టిన చక్రకేళీలు

ఉప్పల్, మంగళవారం.

అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఫోన్లో చెబితే ఏడ్చేస్తానని కార్డు రాస్తున్నా.

ఉప్పల్ గదినిండా చీమలని, నువ్వు పంపిన చక్రకేళీలు ల్యాబులో టమాటా మొక్కలుండే ఏసీ గదిలో పెట్టాను. ప్రయోగం కోసం ఆ ఆకులకు బూజు నుంచి తీసిన విషం పట్టించాం. మగ్గే పళ్ళు వదిలే ఇథిలీన్ మొక్కలకు హార్మోను. అది విషానికి తోడైంది. నాలుగు రోజులు నిలవాల్సిన ఆకులు రెండో రోజుకే నల్లబడి చచ్చాయి. నేను చదివేదే అది, అయినా తట్టలేదు!

నాతో పనిచేసే సుధీంద్ర విషం ఎక్కువ పోశాడనుకుని, సారు అతన్ని రేపటినుంచి రావద్దన్నారు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తా.

ఇక పళ్ళు పంపకు. మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న బీపీ మాత్రలు మానలేదు కదా?

సుధీంద్ర నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. పళ్ళు చాలా తియ్యగా ఉన్నాయట.

నీ ప్రజ్ఞ